కుండీకి ఏ అంజూర? కణుపు కొలిచి చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక బెంగళూరు ఎడిషన్ ఆదివారం అనుబంధంలో వచ్చే మిద్దెతోటల శీర్షికను నేను ఒక్క వారం కూడా వదలకుండా చదువుతాను. ఈమధ్య అంజూర పెంపకం మీద వచ్చిన వ్యాసంలో మట్టి మిశ్రమం, ఎండ, నీళ్ల సంగతులు చక్కగా చెప్పారు. అయితే రకం ఎంపిక దగ్గరికి వచ్చేసరికి "నర్సరీలో డ్వార్ఫ్ అంజూర అని అడిగి తెచ్చుకుంటే సరిపోతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. డ్వార్ఫ్ అంటే పొట్టి రకమని. కుండీలో అంజూర కాస్తుందా కాయదా అన్నది ముప్పాతిక వంతు ఆ ఒక్క ముక్క దగ్గరే నిర్ణయమైపోతుంది. పైగా అదే మాట నమ్మి నేను ఒకసారి మోసపోయాను. అందుకే ఈ ఉత్తరం. మాది కదిరి. మా అబ్బాయి ఉద్యోగం వల్ల పదకొండేళ్లుగా బెంగళూరు కృష్ణరాజపురంలో ఉంటున్నాము. మేడ మీద నాకు దక్కిన చోటు నీళ్ల ట్యాంకుకూ బట్టల తీగకూ మధ్య ఉన్న పద్దెనిమిది అడుగులు మాత్రమే.

ఆరేళ్ల కిందట ఒక నర్సరీలో "డ్వార్ఫ్ అంజూర" అని చీటీ కట్టిన మొక్కను 850 రూపాయలు పెట్టి కొన్నాను. రెండడుగుల ఎత్తు కూడా లేదు, అప్పటికే మూడు పిందెలు ఉన్నాయి, చూడముచ్చటగా ఉంది. రకం పేరు అడిగితే "డ్వార్ఫే రకం పేరమ్మా" అన్నారు. ఇంటికి తెచ్చి పెద్ద కుండీలోకి మార్చిన ఏడాదిన్నరకల్లా అది ట్యాంకును దాటి తొమ్మిది అడుగులు పెరిగింది. విస్తరాకుల్లాంటి ఆకులు, బట్టలకు ఎండ తగలనంత నీడ, ఏడాది మొత్తానికి ఏడు కాయలు. వెళ్లి అడిగితే ఎరువు ఎక్కువ వేశారన్నారు. తరువాత నాకు అర్థమైన సంగతి ఏమిటంటే, చిన్న పాలిథీన్ సంచిలో వేళ్లు చుట్టుకుపోయిన మొక్క ఏదైనా సరే పొట్టిగానే కనిపిస్తుంది. ముదురు కొమ్మను నాటితే వేరూనిన కొద్ది నెలలకే పిందె కూడా వేస్తుంది. ఆ రెండింటినీ చూపించి పొట్టి రకమని చెప్పడం కష్టమేమీ కాదు. అమ్మేవారికి కూడా అసలు సంగతి తెలిసి ఉండకపోవచ్చు, వారు ఇంకెవరి దగ్గరో తెచ్చినవే అమ్ముతారు.

అసలు పొట్టితనం ఎత్తులో లేదు, కణుపులో ఉంది. అంజూరలో ముఖ్యమైన కాపు ఆ ఏడాది వచ్చిన కొత్త కొమ్మ మీద, ఒక్కో ఆకు మొదట్లో, ఒక్కో కాయగా పుడుతుంది. కణుపుకూ కణుపుకూ మధ్య దూరం తక్కువైతే అడుగు కొమ్మ మీద ఎక్కువ కాయలు, దూరం ఎక్కువైతే తక్కువ కాయలు. లెక్క అంత సులువు. ఒకరోజు నా కుట్టు టేపు పట్టుకుని మేడ మీదికి వెళ్లి కొలిచాను. ఆ చీటీ మొక్క కొమ్మ మీద కణుపుల మధ్య మూడున్నర అంగుళాల నుంచి నాలుగు అంగుళాల ఎడం ఉంది. దాని పక్కనే, మిద్దెతోట స్నేహితురాలు ఇచ్చిన కొమ్మతో పెంచుకున్న వయొలెట్ ద బోర్డో అనే రకం ఉంది. దాని మీద అంగుళం, మహా అయితే అంగుళంన్నర. ఆ రోజు ఒకే ఒక్క అడుగు కొమ్మ మీద దానికి తొమ్మిది పిందెలు లెక్కపెట్టాను. చీటీ మొక్కకు అదే అడుగులో మూడు ఆకులు, ఒక పిందె. నేను నర్సరీకి మళ్లీ వెళితే ఎత్తు అడగను, టేపు తీసుకుని వెళతాను.

ఈ వయొలెట్ ద బోర్డో ఫ్రెంచి పేరున్న పాత రకం. నెగ్రోన్ అనీ, పెటీట్ నీగ్రీ అనీ కూడా దీనికి పేర్లున్నాయి. ఇవన్నీ ఒకటేనని కొందరు, స్వల్ప తేడాలున్నాయని కొందరు వాదించుకుంటారు. ఆ వాదన మనకు అక్కరలేదు. పండు చిన్నది, తొక్క నల్లటి ఊదా, లోపల స్ట్రాబెర్రీ జాము రంగు గుజ్జు. ఆకు చేతివేళ్లలాగా లోతుగా చీలి ఉంటుంది కనుక కణుపులు దగ్గరదగ్గరగా ఉన్నా లోపలి పిందెలకు వెలుతురు అందుతుంది. సహజంగానే గుబురుగా, నెమ్మదిగా పెరుగుతుంది. దీని కొమ్మల్లో ఒకదాని మీద తనంత తానుగా ఏర్పడిన ఇంకా పొట్టి మార్పు నుంచి తీసినదే లిటిల్ మిస్ ఫిగ్గీ అనే అమెరికా పేటెంటు రకం. ఫిగ్నామినల్ అనే మరొకటి మూడడుగులకు లోపలే ఆగిపోతుంది, లిటిల్ రూబీ కూడా ఆ కోవలోదే. నిజమైన పొట్టి రకాలు అంటే ఇవి. అయితే ఈ పేర్లతో ఇక్కడ అమ్మే మొక్క అదేనా కాదా అని కొనేవారు తేల్చుకునే దారి లేదు గనుక, పేరు కన్నా ముందు కణుపు చూడమంటున్నాను.

మరి మన చుట్టుపక్కల దొరికే రకాల మాట ఏమిటి? మనవైపు సాగులో ముఖ్యంగా రెండు పేర్లు వినిపిస్తాయి. ఒకటి పూనా అంజూర, అంటే పుణె జిల్లా పురందర్ ప్రాంతంలో పండేది. పురందర్ అంజూరకు 2016లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గంట ఆకారపు కాయ, లేత ఊదా తొక్క, ఎర్రటి గుజ్జు. రెండోది బళ్లారి వైపు రైతులు వేసే దియన్నా, పసుపు కలిసిన ఆకుపచ్చ తొక్కతో పెద్ద కాయ. రెండూ మంచి రకాలే, పరాగం మోసే కందిరీగ అవసరం లేకుండా కాయ నిలుపుకునేవే, ఆ కందిరీగ సంగతి కింద చెబుతాను. అయితే పొలం కోసం ఎంచుకున్న రకాలవి. పూనా చెట్లకు తోటలో అయిదేసి మీటర్ల ఎడం ఇవ్వడం పాత పద్ధతి. అంత చోటు అడిగే చెట్టును కుండీలో పెడితే ఏటా గట్టిగా కత్తిరించి అదుపులో పెట్టవలసిందే. పెట్టలేమని కాదు. బళ్లారి దగ్గర మా పెదనాన్నగారి మనవడి పొలం నుంచి తెచ్చిన దియన్నా కొమ్మ నా దగ్గర అరవై లీటర్ల డ్రమ్ములో నాలుగేళ్లుగా ఉంది. కానీ దానికి పెట్టే శ్రమలో సగం కూడా బోర్డో మొక్కకు పెట్టను.

ఇంకో ముఖ్యమైన తేడా మీ వ్యాసంలో అసలు ప్రస్తావనకే రాలేదు. అంజూర రకాలన్నీ ఒకే తీరుగా కాయవు. పువ్వులు కాయ లోపలే, మూసిన సంచిలోపల ఉన్నట్లు ఉంటాయి. కాపు తీరును బట్టి మూడు తెగలు. సామాన్య తెగ రకాలకు పరాగ సంపర్కం లేకపోయినా కాయ ముదిరి పండుతుంది. స్మిర్నా రకాలకు మాత్రం మగ అంజూర నుంచి చిన్న కందిరీగ ఒకటి పుప్పొడిని మోసుకుని కాయ అడుగున ఉన్న కన్నులోంచి లోపలికి వెళ్లాలి. వెళ్లకపోతే కాయ గోళీ అంత అయ్యాక రాలిపోతుంది. 1880ల మొదట్లో కాలిఫోర్నియా వారు టర్కీ నుంచి స్మిర్నా కొమ్మలు తెప్పించి నాటుకుంటే చెట్లు పెరిగాయి గానీ కాయలు నిలవలేదు. చివరకు 1899లో ఆ కందిరీగను తెచ్చి నిలదొక్కుకునేలా చేసిన తరువాతే పంట చేతికొచ్చింది. మూడో తెగ సాన్ పెడ్రో రకాలు. వీటికి పాత కొమ్మ మీద వచ్చే తొలి కాపు పరాగం లేకుండానే వస్తుంది గానీ, కొత్త కొమ్మ మీది అసలు కాపుకు కందిరీగ కావాలి. డెజర్ట్ కింగ్ ఈ తెగలోదే. చల్లని దేశాల్లో కుండీలకు మంచిదని పేరు తెచ్చుకుంది కనుక ఇక్కడి వారు కూడా దాని కోసం వెతుకుతున్నారు. కుండీ మొక్కను మనం ఏటా గట్టిగా కత్తిరిస్తాము. పాత కొమ్మలు పోతే దాని తొలి కాపు కూడా వాటితోనే పోతుంది. ఇక మిగిలేది ఆకులే.

ఇది పుస్తకాల సంగతి మాత్రమే అనుకోవద్దు. మా కింది వాటాలో ఉండే నెల్లూరు వదినగారు డ్రై ఫ్రూట్ దుకాణంలో కొన్న టర్కీ ఎండు అంజూరలోని గింజలను నానబెట్టి మొలకెత్తించి ఎంతో ముద్దుగా పెంచారు. నాలుగేళ్లకు పిందెలు వచ్చాయి, ప్రతి ఏడూ గోళీ అంత అయ్యాక రాలిపోయాయి. ఆవిడ బోరాన్ కొట్టారు, ఎముకల పొడి వేశారు, దిష్టి కూడా తీశారు. టర్కీ ఎండు అంజూర ఎక్కువగా స్మిర్నా తెగలోదే, ఆ గింజ మొలకెత్తిందీ కందిరీగ తెచ్చిన పుప్పొడి వల్లే. అలాంటి గింజల నుంచి వచ్చే మొక్కల్లో దాదాపు సగం మగచెట్లు అవుతాయి, మిగిలినవాటిలో చాలా భాగానికి తల్లిలాగే కందిరీగ కావాలి. ఇందులో ఆవిడ తప్పు ఏమీ లేదు. కుండీ అంజూర ఎప్పుడూ కొమ్మ నుంచో, గాలి అంటు (చెట్టు మీద ఉండగానే కొమ్మకు వేరు పుట్టించినది) నుంచో రావాలి గానీ గింజ నుంచి కాదని ఎవరైనా ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఆవిడకు నాలుగేళ్లు కలిసివచ్చేవి.

ఇక బెంగళూరు వాన. మన దగ్గర వాన ఎక్కువగా కురిసేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో మామిడి జల్లులు. పండుతున్న అంజూరకు వాన తగిలితే కన్నులోంచి నీళ్లు లోపలికి దిగి గుజ్జు పులుస్తుంది. మొదటి ఏడాది బోర్డో మొక్కకు జూన్‌లో కత్తిరింపు చేసి, కాయలు తడి రోజుల్లో పండేలా నేనే చేజేతులా చేసుకున్నాను. ఒక ఉదయం చూస్తే బాగా మాగిన పండు అడుగున బుడగలు కడుతూ తెల్లటి నురుగు, దాని చుట్టూ చీమలు, లోపలికి చొరబడుతున్న చిన్న నల్లటి పురుగు. విప్పితే కల్లు వాసన. మేడిపండులో పురుగుల మాట మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసినదే. ఈ సీమ మేడిలో, అంటే అంజూరలో మాత్రం చాలావరకు అది కన్ను తెరుచుకోవడం వల్ల వచ్చే తిప్పలు.

అందుకే కన్ను గట్టిగా మూసుకుని ఉండే రకాలకు వానలు ఎక్కువగా ఉన్న చోట్ల విలువ. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పెరటి అంజూరగా ఎక్కువ పేరున్న సెలెస్ట్ ఈ విషయంలో మొదటిది. చిన్న కాయ, ఊదా గోధుమ తొక్క, మూసిన కన్ను. మరి దాన్నే అందరూ పెట్టుకోవచ్చు కదా అంటే, దానికీ ఒక మెలిక ఉంది. గట్టిగా కత్తిరిస్తే దాని కాపు తగ్గుతుంది. కుండీలో కత్తిరించక తప్పదు. అందువల్ల సెలెస్ట్ పెట్టుకునేవారు మొదటి ఏళ్లలోనే నాలుగైదు కొమ్మల నిర్మాణం ఏర్పాటు చేసుకుని, తరువాత చివర్లు తుంచడంతో సరిపెట్టుకోవాలి. దీనికి భిన్నంగా బ్రౌన్ టర్కీ ఎంత నరికినా కొత్త కొమ్మ వేసి కాస్తుంది, చలికి కొమ్మలు చచ్చిపోయే దేశాల్లో కూడా మళ్లీ లేచి కాయడం వల్లే దానికి అంత మంచి పేరు. అయితే బ్రౌన్ టర్కీ అనే పేరుతో ఇంగ్లండులో ఒక రకం, కాలిఫోర్నియాలో మరో రకం ఉన్నాయి. పేరు ఒకటే, పండు వేరు. కొనేటప్పుడు ఏది అని అడిగితే చాలామంది నర్సరీ వారు మనవైపు వింతగా చూస్తారు. చూడనివ్వండి.

నా సొంత తీర్పు అడిగితే, బెంగళూరు మేడ మీద మొదటి మొక్కగా కణుపు దగ్గరగా ఉండి, సామాన్య తెగలో ఉండి, గట్టి కత్తిరింపుకు తట్టుకునే రకాన్నే పెట్టుకోవాలి. కన్ను మూసుకోవడం అదనపు మేలు. అది లేకపోయినా పండే కాలాన్ని మనం మార్చుకోవచ్చు. మహారాష్ట్ర రైతులు దీన్ని రెండు బహార్‌లుగా, అంటే రెండు కాపులుగా, ఎప్పటినుంచో చేస్తున్నారు. వానల ముందు కత్తిరించి చలికాలంలో కోసే ఖట్టా బహార్, వానలు తగ్గాక కత్తిరించి వేసవిలో కోసే మీఠా బహార్. పేర్లలోనే తీపి పులుపుల తేడా చెప్పేశారు. నేను మాత్రం దీపావళి వెళ్లిన వారంలో కత్తిరిస్తాను. ఒక్కో కొమ్మకు రెండు మూడు కణుపులు మిగిల్చి, కొత్త చిగురు అయిదారు ఆకులు వేశాక చివర గిల్లుతాను. ఫిబ్రవరి చివరినుంచి పండు మొదలవుతుంది. మామిడి జల్లులు వచ్చేలోపు చాలావరకు కోతకొస్తుంది. కత్తిరించేటప్పుడు కారే పాలు చర్మానికి తగిలి ఆ తరువాత ఎండ పడితే బొబ్బలు లేస్తాయి కనుక చేతికి తొడుగు, పూర్తి చేతుల చొక్కా తప్పనిసరి. ఈ ఒక్క విషయం మీ వ్యాసకర్త కూడా చెప్పారు, సంతోషం.

తుప్పు తెగులు విషయంలో ఏ రకానికీ మినహాయింపు ఉందని నేను చెప్పను. వానల్లో ఆకు అడుగున తుప్పు రంగు పొడి కనిపిస్తుంది, పది పదిహేను రోజుల్లో చెట్టు బోడి అవుతుంది. కొత్తవాళ్లు చెట్టు చచ్చిపోయిందని పారేస్తారు. పారేయకూడదు, రాలిన ఆకులు ఏరి పారబోసి, కత్తిరింపుల దాకా ఓపిక పట్టాలి. గుబురు రకాలను ఒకదానికొకటి ఆనించి పెట్టకుండా మూడడుగుల ఎడం ఇస్తే కొంత తేడా నాకు కనిపించింది. వేరు ముడి నులిపురుగుల బెడద కూడా ఉంది. టమాటా, వంకాయ, బెండ పెట్టిన పాత కుండీల మట్టిని అంజూరకు వాడకపోతే దాదాపు తప్పించుకోవచ్చు.

చిన్న రకం ఎంచుకోవడం వల్ల వచ్చే ఇంకో లాభాన్ని మేడ ఉన్నవారు ముందుగా లెక్కలోకి తీసుకోవాలి. అదే బరువు. యాభై లీటర్ల కుండీని ఎర్రమట్టితో నింపి తడిపితే ఎనభై కిలోలు దాటుతుంది. కొబ్బరి పొట్టు, మాగిన పశువుల ఎరువు సగానికి పైగా కలిపితే గణనీయంగా తగ్గుతుంది గానీ, పెద్ద చెట్టుకు గాలికి పడిపోకుండా బరువు కావాలి, చిన్న చెట్టుకు అక్కరలేదు. నా బోర్డో మొక్క ముప్పై అయిదు లీటర్ల కుండీలోనే అయిదో ఏడు గడుపుతోంది. రెండేళ్లకోసారి కుండీలోంచి లాగి, చుట్టూ రెండు అంగుళాల మేర వేళ్లు కోసి, కొత్త మట్టి నింపి మళ్లీ అదే కుండీలో పెడతాను. అద్దె ఇళ్లలో ఉండి ఏ రెండేళ్లకో సామాను సర్దుకునే మన తెలుగు కుటుంబాలకు, మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఎన్ని ఉన్నాయో మీకు తెలియనిది కాదు, లిఫ్టులో పట్టే చెట్టుకూ పట్టని చెట్టుకూ మధ్య తేడా చాలా పెద్దది. చీటీ మొక్కను మేము కిందికి దించేటప్పుడు నలుగురు కావలసివచ్చింది. ఇప్పుడది కదిరిలో మా బావి పక్కన నేలలో ఉంది. అక్కడ దానికి కావలసినంత చోటుంది, కాస్తోంది కూడా.

సంపాదకుల వారికి నా విన్నపం ఒక్కటే. లాల్‌బాగ్‌లో జనవరి, ఆగస్టు నెలల్లో జరిగే ఫలపుష్ప ప్రదర్శనల సమయంలో మీ పత్రిక మిద్దెతోటల మీద ఎక్కువ రాస్తుంది, అప్పుడే నర్సరీల దగ్గర జనం కూడా ఎక్కువ. ఆ సందర్భంలో నర్సరీ వారితో మాట్లాడి, అంజూర మొక్కకు కట్టే చీటీ మీద రకం పేరు, అది కొమ్మ మొక్కా, అంటు మొక్కా, గింజ మొక్కా అన్నది, తల్లి చెట్టును ఎక్కడినుంచి తెచ్చారన్నది రాయవలసిందిగా మీరు అడగాలి. పేరు తెలియకపోతే తెలియదని రాసినా నాకు అభ్యంతరం లేదు, ధర తగ్గించి అమ్మితే చాలు. అలాగే "డ్వార్ఫ్ అని అడిగితే సరిపోతుంది" అన్న ఆ వాక్యాన్ని సవరిస్తూ మీ శీర్షికలో నాలుగు వాక్యాలు వేయించండి. అది దీపావళికి ముందే వస్తే మేలు. కత్తిరింపులు అయిన ఆ వారం పది రోజుల్లోనే మిద్దెతోటల వారి మధ్య కొమ్మలు చేతులు మారతాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కృష్ణరాజపురం, బెంగళూరు